తిన్నామన్న ఇళ్ళు

కెనడా వెళ్ళొచ్చానంటే అందరూ మొదట అడిగేది నయాగరా చూశావా అని. చూడలేదు. జలపాతానికి రెండు గంటల దూరంలో మూడు రోజులుండి కూడా చూడలేదంటే జనం ముక్కున వేలేసుకుంటున్నారు. నేను వెళ్ళింది ఒక పెద్దాయన్ని చూడడానికి. చూసి, ఆయనకు రాసిన ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి.

ఆయన జర్మన్ ఆర్థికవేత్త. పేరు క్లౌస్ ఓస్టెన్‌కాంప్. ఆ పేరు మా నోళ్ళలో తిరగక అందరం జర్మన్ సారు అనేవాళ్ళం. దాదాపు నలభై ఏళ్ళ క్రితం కరువు పనుల సలహాదారుగా మా రాష్ట్రానికి వచ్చి, కదిరి వైపు పల్లెల్లో ఇంటింటి సర్వే చేయించారు. అప్పుడే ఎం.ఏ. ముగించిన ఆరుగురు అమ్మాయిలం ఆయన దగ్గర పనికి చేరాం. నేనూ, నా స్నేహితురాలు నాగవేణీ అందులో ఇద్దరం. పొద్దున్నే జీపులో పల్లెకు పోవడం, ఫారాలు నింపడం, సాయంత్రం ఆయనకు అప్పగించడం మా పని. ఆ ఫారాలు చూసి ఆయన రాసిన నివేదికను బట్టి ఆ పల్లెలకు గంజి కేంద్రాలు అక్కర్లేదని ప్రభుత్వం తేల్చేసింది. తర్వాత ఆయన కెనడా వెళ్ళిపోయారు. నేను అనంతపురంలో డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి చెప్పి రిటైరయ్యాను.

పోయిన శీతాకాలంలో ఆయన దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. తన ఉద్యోగ జీవితం మీద పుస్తకం రాశానని, మా పల్లెల అధ్యాయం పంపుతున్నానని, తప్పులుంటే చెప్పమని. చదివాను. ఇన్నేళ్ళలో తాను ఒక్కసారి కూడా సందేహించని పని అదొక్కటేనని రాశారు. ఆ ఫారాల్లో తిన్నామని రాసిన ఇళ్ళలో చాలావాటిలో తిండి లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా, పెద్దాయన, గురువులాంటివాడు, ఈ వయసులో ఎందుకు నొప్పించడం అనుకుని "ఎక్సలెంట్ సార్" అని జవాబు పంపేశాను. నాగవేణి కూడా అదే పంపింది.

రెండు నెలలు ఆ జవాబు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. పుస్తకం వేసవి తర్వాత అచ్చుకు పోతుంది. మళ్ళీ మెయిల్ రాయబోతే "సార్, చిన్న సందేహం" అని మొదలై "మీ ఆరోగ్యం జాగ్రత్త" అని ముగిసేది. ఎదురుగా కూర్చుంటే తప్ప నా నోరు పెగలదని అర్థమైంది. టొరంటోలో ఉన్న మా పిన్ని కూతురు రమ ఎప్పట్నుంచో రమ్మని పోరుతోంది. ఏప్రిల్ చివర్లో బయల్దేరాను.

నార్త్ యార్క్

రమ ఉండేది ఇరవై రెండో అంతస్తులో ఒక అద్దె కాండోలో. బ్యాంకులో ఐటీ ఉద్యోగం. వారానికి మూడు రోజులు సబ్‌వేలో ఆఫీసుకు పోతుంది, తక్కిన రోజులు వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఆఫీసుతో మాట్లాడుతూనే పప్పు కలియబెడుతుంది. మంచు కరిగిపోయిందని నాకు చెప్పి పిలిచింది గానీ, రోడ్ల పక్కన మసి పట్టిన మంచుగుట్టలు ఇంకా ఉన్నాయి. ఫోటోల్లో చూసిన తెల్లటి మంచు కాదు అది, సున్నం బట్టీ పక్కన పోసిన బూడిదలా ఉంది.

ఇండియన్ షాపుకు తీసుకెళ్ళింది. కరివేపాకు రెండు రెమ్మలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి రెండు డాలర్లన్నారు. మా పెరట్లో రాలిపోయేది తలచుకుని కాసేపు బాధపడ్డాను. డాలర్లను రూపాయల్లోకి మార్చడం మానెయ్ అక్కా, లేకపోతే ఇక్కడ మంచినీళ్ళు కూడా దిగవు అని రమ మందలించింది.

రెండో రోజు లిఫ్టులో ఒక ముసలామె నవ్వుతూ ఎలా ఉన్నారని అడిగింది. నేను మర్యాదగా నిజం చెప్పాను. విమానంలో కాళ్ళు వాచాయని, ఎడమ మోకాలు పట్టేసిందని, రాత్రిళ్ళు నిద్ర సరిగ్గా లేదని. ఆమె మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు లిఫ్టు తలుపు వైపు చూస్తున్నాయి. లాబీలోకి వచ్చాక రమ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ ప్రశ్నకు ఒకటే జవాబట, బాగున్నాను అని. కాలు విరిగినా అదేనట. నాకు నవ్వు రాలేదు. జవాబు ముందే ఖాయమైపోయిన ప్రశ్నలు మనకూ ఉన్నాయి కదా అనిపించింది. ఆ రోజంతా కదిరి పల్లెలే గుర్తొచ్చాయి.

రైల్లో

టొరంటో నుంచి ఒట్టావాకు రైలు నాలుగున్నర గంటలు. పెట్టెలో అమ్మేవాళ్ళెవరూ రారు. టీ అంటూ అరుపుల్లేని రైలు ప్రయాణం నాకు ఆసుపత్రి వార్డులో కూర్చున్నట్టుంది. పక్క సీట్లో ఒక భారీ మనిషి, మేపుల్ చెట్ల తోట ఉన్న రైతు. ఈ ఏడు చెట్ల రసం తీసే పని నిన్నటితో అయిపోయిందని, ఇక ఏడాదంతా ఆ పాకం అమ్ముకోవడమేనని చెప్పాడు. చెట్టుకు తూటు పొడిచి బకెట్టు కట్టడం విని, మా ఈత చెట్లకు లొట్లు, అంటే కల్లు కుండలు, కడతారని నేను చెప్పాను. కల్లు గురించి వివరిస్తే ఆయనకు చాలా నచ్చింది. తన డబ్బాలోంచి వెన్న, పాకం నింపిన చిన్న బిళ్ళ ఒకటి ఇచ్చాడు. మన కజ్జికాయకు పిన్ని కూతురిలా ఉంది.

ఆయన కునుకు తీస్తుంటే సంచిలోంచి కాగితాలు తీశాను. సారు మా అధ్యాయంతో పాటు దాని తర్వాతిది, కెనడా అధ్యాయం కూడా పంపారు. దాన్ని మొదటిసారి పైపైన తిప్పేశాను. ఇప్పుడు నింపాదిగా చదివాను. ఇక్కడి ప్రభుత్వం ఆయన్ని ఉత్తరాన మంచు ప్రాంతాల ఊళ్ళలో ఆహారం ధరల మీద సలహాదారుగా పెట్టుకుంది. అక్కడ ఆయన చేసిన మొదటి పని, ఫారంలోంచి తిన్నారా అన్న ప్రశ్న తీసేయడం. అడగొద్దు, అనుమతి తీసుకుని వంటింటి అల్మరా చూడండి అని తన మనుషులకు చెప్పారట. ఆయనకు పేరు తెచ్చింది ఆ పద్ధతే. ఎందుకు మార్చారో మాత్రం ఒక్క ముక్క లేదు.

మా పల్లెల పని అంత గొప్పగా ఉంటే, ఆ ప్రశ్న మార్చాల్సిన అవసరం ఏమొచ్చింది? కాగితాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సారుకు ఏదో తెలుసేమో అన్న అనుమానం అక్కడే మొదలైంది.

కనాటా, రెండు అరలు

సారు ఉండేది ఒట్టావా పడమటి చివర కనాటాలో. అక్కడే రమ స్నేహితురాలు మాధవి ఇంట్లో నా బస. కరీంనగర్ అమ్మాయి, టెలికాం కంపెనీలో ఇంజనీరు. స్టేషనుకు కారేసుకుని వచ్చింది. దారి పొడుగునా పెట్టెల్లాంటి ఆఫీసులు, వాటి చుట్టూ ఖాళీ నేల. మాధవి పదేళ్ళ కూతురు నేనేం అడిగినా ఇంగ్లీషులోనే చెప్పింది, నేను తెలుగులోనే అడిగాను, ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు.

మర్నాడు ఉదయం మాధవి నన్ను సారు గుమ్మం దగ్గర దించింది. తలుపు తీసింది ఆయన భార్య హెలెన్, ఇక్కడి మనిషే. వెనకాల సారు. ఎనభై ఆరేళ్ళు. అప్పట్లో గుమ్మాలకు తల తగిలేంత పొడుగు, ఇప్పుడు వంగి నా ఎత్తుకు వచ్చారు. నన్ను చూసి తనకు గుర్తున్న రెండు తెలుగు మాటలూ చెప్పేశారు, "మంచిది" అని, "నీళ్ళు" అని. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చెప్పాల్సిన మాట కడుపులోకి ఇంకో జానెడు దిగిపోయింది.

మధ్యాహ్నం బంగాళాదుంపల సూపు, నల్ల రొట్టె. మన ఇళ్ళలోలా వద్దన్నా వడ్డించడం ఉండదు. ఇంకా కావాలా అని ఒక్కసారే అడుగుతారు. నేను అలవాటుగా వద్దన్నాను, హెలెన్ గిన్నె తీసేసింది. ఆకలితోనే లేచాను.

తిన్నాక సారు తన గది చూపించారు. సలహాదారు గదంటే మంత్రులతో దిగిన ఫోటోలుంటాయనుకున్నాను. ఒక్కటీ లేదు. గోడకు రెండు చెక్క అరలున్నాయి, అంతే. ఆయన జీవితమంతా వాటిలోనే ఉంది. యుద్ధం ముగిశాక ఉత్తర జర్మనీలో ఒక రేవు పట్నంలో పెరిగారు. బడిలో పిల్లలకు పోసే సూపు కోసం గిన్నె పట్టుకుని వరసలో నిలబడేవారట. ఆ సూపు ఎవరు పంపుతున్నారు, ఎందుకు పంపుతున్నారు, రేపు ఆపేస్తే ఏమవుతుంది అని ఎనిమిదేళ్ళ వయసులోనే అడిగేవారట. అలా ఆర్థికశాస్త్రంలోకి వచ్చానన్నారు. ముప్పై దాటక ముందే బాన్‌లో మంత్రిత్వ శాఖకు కాగితాలు రాశారు. తర్వాత మా రాష్ట్రం, తర్వాత ఇక్కడ. మంత్రులు వచ్చారు, పోయారు, ఈయన రాస్తూనే ఉన్నారు.

పై అర నిండా నివేదికలు కిక్కిరిసి ఉన్నాయి. ప్రభుత్వాలు వినని సలహాలన్నీ అక్కడ పెట్టానన్నారు. కింది అరలో చాలా కొద్ది. అవి విన్నవి. సలహాదారు ఉద్యోగమంటే పై అర నింపుకోవడమేనని నవ్వారు. కింది అరలో మొదట ఉన్నది, నీలిరంగు అట్టతో, మా కదిరి పల్లెల నివేదిక.

గిన్నె పట్టుకుని వరసలో నిలబడి బతికిన మనిషి, గంజి కేంద్రాలు అక్కర్లేదని రాశారు. అదీ మా చేతిరాత నమ్మి. ఆ రోజే చెప్పాలి. నోరు తెరిచాను. సారు నా భుజం తట్టి, నీ మెయిల్ నాకు చాలా ధైర్యమిచ్చింది శారదా అన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి నాగవేణికి ఫోన్ చేశాను. అది కదిరిలోనే ఉంది, బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. సంగతంతా చెప్పాను.

"ఏమిటికే ఇప్పుడు? ముసలాయన రేపో మాపో అన్నట్టుండాడు. ఆయప్పను సుఖంగా పోనీ. చెప్పాకు," అంది.

ఫోన్ పెట్టేశాక మాధవి పాలు కాస్తూ, వినకూడదనుకుంటూనే విన్నానని చెప్పింది. "నేను కూడా వచ్చిన కొత్తల మేనేజర్‌కి అన్నిటికీ ఎస్ ఎస్ అనేదాన్ని ఆంటీ. ఇక్కడ నో అంటే ఎవరూ ఫీల్ కారు. తెలిసి చెప్పకుంటేనే ఫీలయితరు." పాలు తాగి పడుకున్నాను.

బస్సు ఆపడం రాక

మర్నాడు సారుకు డాక్టరు దగ్గర పని ఉంది. ఊరు చూద్దామని ఒంటరిగా బస్సెక్కాను. సిటీలో ఒక పెద్ద అంగడి దగ్గర దిగాలి. స్టాపు రాగానే లేచి నిలబడ్డాను. బస్సు ఆగలేదు. మనకు అలవాటైనట్టు బస్సు గోడ మీద అరచేత్తో రెండు తట్టాను. అందరూ తిరిగి చూశారు. డ్రైవరు చూడలేదు. అలా మూడు స్టాపులు పోయాక ఒకామె చెయ్యి చాచి కిటికీ మీద వేలాడుతున్న పసుపు తాడు లాగింది. గంట మోగింది, బస్సు ఆగింది. ఇంతసేపూ నా తలకు తగులుతున్న తాడే అది. దిగేటప్పుడు అందరూ డ్రైవరుకు థాంక్యూ చెబుతారు. సిగ్గుతో నేను రెండుసార్లు చెప్పాను.

తాడు లాగినామె కూడా అక్కడే దిగింది. చేతిలో రెండు పెద్ద అట్టపెట్టెలు. ఒకటి నేను పట్టుకున్నాను. ఆమె అక్కడ ఇంకో బస్సు మారాలట, నేనేమో వెనక్కి పోవాలి; ఇద్దరం స్టాపులో కూర్చున్నాం. పేరు మేరీ అంది. ఉత్తరాన మంచు ప్రాంతంలో చిన్న ఊరట, తల్లికి వైద్యం కోసం విమానంలో వచ్చారట. నేను బడిపుస్తకంలో చదివిన మాటే వాడి, ఎస్కిమోలా అని అడిగాను. మేము ఇన్యూట్ అని చెప్పుకుంటామని నెమ్మదిగా సరిచేసింది. క్షమించమన్నాను. ఫర్వాలేదంది, ఇక్కడి ఆదివాసులనూ ఇండియన్లనే అనేవాళ్ళు, నువ్వు ఏ ఇండియన్‌వి అని నవ్వుతూ అడిగింది. అక్కడితో సరికి సరి.

పెట్టెల్లో పిండి, పాలపొడి, డబ్బా ఆహారం ఉన్నాయి. తిరిగి పోయేటప్పుడు వెంట తీసుకుపోతారట. తన ఊళ్ళో ఇవే సరుకులు మూడింతలు. క్యాబేజీ కొనాలంటే ఆలోచించుకోవాలంది. నాకు సారు పద్ధతి గుర్తొచ్చింది. సర్వేవాళ్ళు వచ్చి అల్మరా చూస్తారట కదా అని అడిగాను. మేరీ పకపకా నవ్వింది. తన చిన్నప్పుడు వాళ్ళు వస్తున్నారని తెలిస్తే తల్లి పక్కింటి నుంచి డబ్బాలు తెచ్చి అరల్లో వరసగా పేర్చేదట. వాళ్ళు రాసుకుని వెళ్ళాక తిరిగి ఇచ్చేసేదట. మీ అమ్మ ఎందుకలా చేసేదని అడిగాను. ఇల్లు ఖాళీగా ఉందని బయటివాడు ఎలా రాసుకుంటాడు అంది, అదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

ఆమె బస్సు వచ్చింది. పెట్టెలెత్తి ఇచ్చాను. తర్వాత నాకు అంగడికి వెళ్ళాలనిపించలేదు. కదిరి పల్లెలో నేనూ నాగవేణీ ఫారం నింపిన ఒక ఇంటి గంగమ్మ గుర్తొచ్చింది. ఎదురు బస్సెక్కి, ఈసారి సరైన చోట తాడు లాగి, ఇంటికి వచ్చేశాను. దారిలోనే నిశ్చయించుకున్నాను. సారుకు రేపు చెప్పేస్తాను.

మూడో రోజు

వెళ్ళేసరికి సారు బల్ల మీద మా అధ్యాయం పరిచి, పల్లెల పేర్లు సరిచూడమని నాకు పెన్సిలిచ్చారు. పెన్సిల్ బల్ల మీద పెట్టేశాను.

"సార్, ఈ అధ్యాయం బాగాలేదు. బాగుందని అబద్ధం రాశాను," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. చెప్పమన్నట్టు చూశారు.

చెప్పాను. మా వైపు తిన్నారా అని అడిగితే తిన్నామనే అంటారని, అది కడుపు చెప్పే జవాబు కాదని. తినలేదంటే అడిగినవాళ్ళు పెట్టాలి. వచ్చినవాళ్ళ మీద భారం వెయ్యడం తప్పు, ఇంటి గుట్టు బయట పెట్టుకోవడం అంతకంటే తప్పు. లిఫ్టులో మీవాళ్ళు ఎలా ఉన్నారని అడగడం లాంటిదే సార్ అన్నాను. గంగమ్మ ఇంటి సంగతి చెప్పాను. పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ నేనూ నాగవేణీ వెళ్ళాం. పీట వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, బెల్లం ముక్క పెట్టింది. ఆ బెల్లం కోసం వెనక తడిక తోసుకుని పొరుగింటికి పోయి రావడం మేం చూశాం. పొయ్యిలో పిల్లి లేవలేదంటారే, అది మాటవరసకు అంటారనుకునేదాన్ని. ఆ రోజు నిజంగానే చల్లారిన బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకునుంది. తిన్నారా అని అడిగాం. తిన్నాం తల్లీ, సంగటి అంది. రెండు పూటలా అని రాశాం. బయటికొచ్చాక నాగవేణి జీపు చాటున ఏడ్చింది. ఆ సాయంత్రమే ఫారం మీకు ఇచ్చాం. వాళ్ళేం చెబితే అదే రాయమన్నారు మీరు, మా సొంతం చేర్చొద్దన్నారు. ఆరుగురికీ తెలుసు, ఒక్కరం చెప్పలేదు. ఆ ఎండాకాలం ఆ ఊరికి గంజి కేంద్రం రాలేదు. మళ్ళీ వెళ్ళినప్పుడు గంగమ్మ ఇంటికి తాళం లేదు, తలుపే లేదు. తలుపు అమ్ముకుని పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయిందన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

నేను ఆగలేదు. రైల్లో పట్టుకున్న అనుమానం కూడా అడిగేశాను. కెనడా రాగానే ఆ ప్రశ్న ఎందుకు తీసేశారు సార్ అని.

హెలెన్ గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

తనకు చెప్పింది ఖాదర్ అన్నారు చివరికి. మా జీపు డ్రైవరు. నివేదిక పంపిన పది రోజులకు, దారిలో టైరు మారుస్తూ, ఆ ఇళ్ళలో తిండి లేదు సార్, వీళ్ళు అలాగే చెబుతారు అన్నాడట. నివేదిక వెనక్కి తీసుకోవచ్చు. అప్పటికింకా ప్రభుత్వం ఆర్డరు ఇవ్వలేదు. కానీ మంత్రి మెచ్చుకున్నాడు, ఇక్కడి ఉద్యోగం ఖాయమైంది, ఇంకో నెలలో ప్రయాణం. ఊరుకున్నారు. తర్వాత చేసే పని సరిగ్గా చేస్తే ఇది సరిపోతుందనుకున్నాను అన్నారు. అధ్యాయం మీ ఆరుగురిలో దొరికినవాళ్ళందరికీ పంపాను, ఎవరైనా కాదంటారేమోనని చూశాను, అందరూ ఎక్సలెంట్ అన్నారు అని కూడా చెప్పారు.

నాకు కోపం వచ్చింది. అలాంటి కోపం నాకు వచ్చి ఎన్నేళ్ళయిందో. నలభై ఏళ్ళు ఆ బరువు మా ఆరుగురిదే అనుకుని మోశాను. ఈయనకు తెలుసు. తెలిసి, మా నోటితో అనిపించాలని కూర్చున్నారు.

"మీకు తర్వాతి పని ఉండింది సార్," అన్నాను. "ఆ ఇళ్ళకు ఆ ఎండాకాలం ఒక్కటే ఉండింది."

అని, ఆ వెంటనే మేరీ తల్లి డబ్బాలు పేర్చిన సంగతి కూడా చెప్పేశాను. దాచుకునే ఓపిక ఇక లేదు. సారు అది విని నవ్వబోయి ఆగిపోయారు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నారు. నా కోపం ఎంతసేపో నిలవలేదు. ఎదురుగా ఉన్నది ఒక ముసలాయన. నేనూ ఆయనలాగే చేశాను, నా పద్ధతిలో.

కాసేపటికి ఆయన కాగితం తీసి రాయడం మొదలుపెట్టారు. నన్ను కూర్చోమన్నారు. రాసి చదివి వినిపించారు. సమాచార సేకరణలో కొన్ని పరిమితులుండినవి అని ఉంది. బాగాలేదు సార్ అన్నాను. కొట్టేసి మళ్ళీ రాశారు. స్థానిక ఆచారాల వల్ల తప్పుదోవ పట్టామని రాశారు. అదీ బాగాలేదు, వాళ్ళెవరూ మిమ్మల్ని తప్పుదోవ పట్టించలేదు, మర్యాద చేశారంతే అన్నాను. మూడోసారి చాలాసేపు పట్టింది. జీవితమంతా మంత్రులకు అర్థమయ్యేలా రాసిన మనిషి, ఒక సంగతి మామూలు మాటల్లో చెప్పడానికి పెన్సిల్ రెండుసార్లు చెక్కుకున్నారు. అప్పుడు రాసింది ఇదీ. ఆ ఇళ్ళలో తిండి లేదని పది రోజుల్లో నాకు తెలిసింది. నివేదిక వెనక్కి తీసుకునే వ్యవధి ఉంది. తీసుకోలేదు.

నేను ఇంకో వాక్యం కలపమన్నాను. ఫారాలు నింపినవాళ్ళకు ఆయన కంటే ముందే తెలుసునని, వాళ్ళలో ఒకరు శారద అని. సారు తలెత్తి చూశారు. నీ దగ్గర చదువుకున్నవాళ్ళు ఇది చదువుతారు అన్నారు. చదవనివ్వండి అన్నాను. రాశారు. ఆ కాగితం అక్కడే టైపు చేసి, నా ఎదురుగానే పబ్లిషరుకు పంపించారు.

హెలెన్ సూపు తెచ్చింది. ఇంకా కావాలా అని అడిగితే ఈసారి కావాలన్నాను. వచ్చేటప్పుడు సారు గుమ్మం దాకా వచ్చారు. నా రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మాధవి కారు హారను కొట్టలేదు, ఎంతసేపైనా ఆగింది.

అనంతపురం

తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గవి ఏమీ జరగలేదు. రమ జలపాతం చూపిస్తానని బతిమాలింది, నాకు మనసు రాలేదు. ఇంటికి వచ్చిన రోజు ఎండ నలభై రెండు. కెనడా చలికి కొన్న కోటు పెట్టె అడుక్కి పోయింది.

నాగవేణికి ఫోన్ చెయ్యడానికి వారం వాయిదా వేశాను. ఎందుకు చెప్పావని తిడుతుందని భయం. చివరికి ఒక ఆదివారం పొద్దున చేశాను. సారుతో జరిగిందంతా, ఖాదర్ చెప్పిన మాటతో సహా, పూసగుచ్చినట్టు చెప్పాను. గంగమ్మ ఇల్లు, తను జీపు చాటున ఏడ్చింది కూడా సారుకు చెప్పానన్నాను. పుస్తకంలో నా పేరు వేయించుకున్నానని, మిగతా ఐదుగురి పేర్లు అందులో రాయించలేదని, భయపడొద్దని అన్నాను.

లైను తెగిపోయిందేమోనని రెండుసార్లు పిలిచాను. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"నా పేరు కూడా రాయించాల్సిండె కదే," అంది నాగవేణి.